మెట్రో ఎక్సోడస్: నెమ్మదిగా ఆడితేనే దక్కే ఆట

మెట్రో ఎక్సోడస్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టి సగంలో వదిలేసినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట, స్లోగా ఉంది అని. నిజమే, స్లోగానే ఉంటుంది. హీరో ఆర్టియోమ్ నడక బరువుగా ఉంటుంది, తుపాకీ మార్చడానికి టైమ్ పడుతుంది, తోటివాళ్లు మాట్లాడటం మొదలుపెడితే ఓ పట్టాన ఆపరు. కానీ ఇందులో బాగున్నవన్నీ ఆ నెమ్మదిలోనే ఉన్నాయి. పరిగెత్తుకుంటూ ఆడేవాళ్లకి లోపాలు మాత్రమే కనిపిస్తాయి. అందుకే ఏది బాగుంది, ఏది బాగాలేదు అని చెప్పి వదిలేయకుండా, బాగున్నదాన్ని పూర్తిగా ఎలా రాబట్టుకోవాలో, బాగాలేనిదాన్ని ఎలా నెట్టుకురావాలో చెప్తాను.

ముందుగా రెండు ముక్కల్లో నేపథ్యం. 4ఏ గేమ్స్ చేసిన ఈ ఆట 2019 ఫిబ్రవరిలో వచ్చింది. దీనికి ముందు 2010లో మెట్రో 2033, 2013లో మెట్రో లాస్ట్ లైట్ వచ్చాయి. ఆ రెండూ ఎక్కువభాగం మాస్కో మెట్రో సొరంగాల్లోనే నడుస్తాయి. అణుయుద్ధం తర్వాత మిగిలినవాళ్లు అక్కడే తలదాచుకుని బతుకుతుంటారు. ఎక్సోడస్‌లో మాత్రం ఆర్టియోమ్, అతని భార్య అన్నా, మామ మిల్లర్, ఇంకొంతమంది సైనికులు అరోరా అనే ఆవిరి రైలెక్కి మాస్కో వదిలి తూర్పుకి బయల్దేరతారు. పాతవి ఆడకపోయినా ఇది అర్థమవుతుంది, కాకపోతే మిల్లర్ ఎందుకంత కటువుగా ఉంటాడో, వీళ్లంతా ఒకరికొకరు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే లాస్ట్ లైట్ ఒకసారి ఆడి రావడం మంచిది.

సెట్టింగ్స్‌లో ముందు తేల్చుకోవాల్సింది కష్టం స్థాయి. షూటర్లు, అంటే తుపాకీతో కాల్చే ఆటలు, కొంచెమైనా అలవాటు ఉంటే నార్మల్ కంటే కిందికి దిగొద్దు. ఈజీలో తూటాలు దండిగా దొరుకుతాయి, దాంతో ఆటలో ప్రాణం పోతుంది, ఎందుకంటే ఇక్కడ భయం రాక్షసుల వల్ల కాదు, మ్యాగజైన్‌లో నాలుగే తూటాలున్నాయని తెలియడం వల్ల వస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు నేరుగా హార్డ్‌కోర్‌కి వెళ్లొచ్చు. రేంజర్ హార్డ్‌కోర్ మాత్రం రెండోసారికి దాచుకోండి, అందులో స్క్రీన్ మీద సమాచారం ఏమీ ఉండదు, ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకునే వీలూ ఉండదు, మ్యాప్‌లు తెలియకుండా దిగితే చిరాకే మిగులుతుంది.

తర్వాత భాష. ఇంగ్లీష్ డబ్బింగ్ ఈ ఆటకున్న పెద్ద బలహీనతల్లో ఒకటి. అరువు తెచ్చుకున్న యాసతో, సీన్‌కి తగని గొంతులతో చాలాచోట్ల మూడ్ చెడగొడుతుంది. రష్యన్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్ ఆన్ చేస్తే ఆట ఒక్కసారిగా మారిపోతుంది. దీనికీ ఒక చిక్కుంది. నలుగురు ఒకేసారి మాట్లాడే సీన్లలో సబ్‌టైటిల్స్ ఒకదాని మీద ఒకటి పరుగులు తీస్తాయి, ఎవరు ఏమన్నారో పట్టుకోలేం. అలాంటప్పుడు కదలకుండా నిలబడిపోండి. రైల్లో ఎలాగూ మిమ్మల్ని తరిమేవాళ్లు లేరు.

ఇక అసలు ఆట. ఇందులో మూడు పెద్ద మ్యాప్‌లున్నాయి: మంచు కరుగుతున్న వోల్గా, ఎండిపోయి ఎడారైన కాస్పియన్, ఆకులు రాలుతున్న టైగా. మొదటి రెండూ బాగా విశాలం, టైగా కొంచెం ఇరుకైన దారి. ఓపెన్ వరల్డ్ (ఎటైనా స్వేచ్ఛగా తిరిగే ఆట) అని ఊహించుకుని వస్తే నిరాశపడతారు, ఇక్కడ మ్యాప్ నిండా గుర్తులు ఉండవు, చెయ్యాల్సిన పనుల జాబితా ఉండదు. అది నాకు చాలా నచ్చిన విషయం. కొత్త చోటుకి రాగానే ఎత్తైన జాగా ఒకటి వెతుక్కుని బైనాక్యులర్స్‌తో చుట్టూ నెమ్మదిగా చూడండి. పొగ ఎక్కడ లేస్తోంది, దీపం ఎక్కడ వెలుగుతోంది, పడవ ఎక్కడ కట్టేసి ఉంది. చూసిన ముఖ్యమైన చోట్లు మీ మ్యాప్ మీద గుర్తులుగా పడతాయి. మనుషుల మాటలు విన్నా కొన్ని గుర్తులు వస్తాయి, అందుకే శత్రువుల గుడిసె దగ్గర వెంటనే దూకకుండా గోడ వెనక కాసేపు కూర్చుని వినడం లాభమే.

పగలా రాత్రా అన్నది మీ చేతుల్లో ఉంటుంది. సేఫ్ హౌస్‌లో మంచం కనిపిస్తే పడుకుని ఎప్పుడు లేవాలో ఎంచుకోవచ్చు. మనుషులుండే శిబిరాల్లోకి రాత్రి వెళ్లండి, కాపలా పలచబడుతుంది, కొందరు నిద్రపోతుంటారు, చీకటి మీకు తోడుంటుంది. అదే బయలు ప్రదేశాలు దాటాలంటే పగలే మేలు, రాత్రిళ్లు మ్యూటెంట్ల (రేడియేషన్‌తో వికారంగా మారిన జీవుల) తిరుగుడు ఎక్కువ.

చీకట్లో దాక్కున్నానా లేదా అన్నది ఊహించనక్కర్లేదు. ఆర్టియోమ్ ఎడమ చేతి గడియారం మీద చిన్న నీలం లైటుంటుంది. అది వెలిగితే మీరు వెలుతురులో ఉన్నట్టు, అవతలివాళ్లకి కనిపిస్తారు. ఆరిపోతే నీడలో ఉన్నట్టు. విషగాలి నుంచి కాపాడే మాస్క్ ఫిల్టర్ ఇంకెంతసేపు పనిచేస్తుందో కూడా ఆ గడియారమే చెప్తుంది. ఈ ఆటని చేసినవాళ్ల మీద గౌరవం కలిగించేది ఇలాంటి పనితనమే. స్క్రీన్ మూలన ఒక గీత గీసి ఊరుకోకుండా, చూడాల్సినవన్నీ చేతికి, తుపాకీకి, ముఖానికి తగిలించారు. మాస్క్ అద్దం మీద బురదపడితే చేత్తో తుడుచుకోవాలి. దెబ్బ తగిలి పగులు వస్తే దాని మీద అతుకు వేసుకోవాలి, ఆ అతుకు అక్కడే కళ్లెదుట కనిపిస్తూ ఉంటుంది. పోరాటం మధ్యలో అద్దం పగిలి ఊపిరి భారంగా వినిపిస్తున్నప్పుడు, ముందు అతుకు వెయ్యాలా, తూటాలు నింపాలా అన్న ఆ టెన్షన్ ఇంకే షూటర్‌లోనూ నాకు ఇంతగా దొరకలేదు. కాబట్టి ఒక అలవాటు చేసుకోండి: విషవాయువు ఉన్న చోటుకి అడుగుపెట్టే ముందే ఫిల్టర్ చూసుకోవాలి, లోపలికెళ్లాక కాదు.

సామాను విషయంలోనే చాలామంది ఇబ్బందిపడతారు. దొరికేవి రెండే రకాలు, మెటీరియల్స్, కెమికల్స్. వీటితో మెడ్‌కిట్లు, ఫిల్టర్లు ఎక్కడైనా బ్యాగ్ దించి తయారుచేసుకోవచ్చు. మామూలు తుపాకుల తూటాలు చెయ్యాలన్నా, తుపాకీ శుభ్రం చెయ్యాలన్నా వర్క్‌బెంచ్ (పనిముట్లున్న బల్ల) కావాల్సిందే. తుపాకులకి మట్టి పడుతుంది, మట్టి పట్టినకొద్దీ గురి తప్పుతుంది, సరిగ్గా అక్కరకొచ్చే వేళకి జామ్ అవుతుంది. అందుకే వర్క్‌బెంచ్ కనిపిస్తే ముందు చెయ్యాల్సింది తుపాకీ శుభ్రం, తూటాల సంగతి ఆ తర్వాత. కెమికల్స్‌ని మెడ్‌కిట్లకి, ఫిల్టర్లకి దాచుకుని, తూటాలు వీలైనంతవరకు వెతికి తెచ్చుకునేవే వాడండి.

తూటాల కరువుకి మందు టిఖార్. గాలి ఒత్తిడితో ఇనుప గుండ్లు పేల్చే తుపాకీ ఇది. గుండ్లు బ్యాగ్ దగ్గరే తక్కువ మెటీరియల్‌తో చేసుకోవచ్చు, చప్పుడూ తక్కువ. పేల్చే కొద్దీ ఒత్తిడి పడిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో పంపు కొడుతూ ఉండాలి, ఒత్తిడి నిండుగా ఉంటేనే దెబ్బ గట్టిగా తగులుతుంది. పోరాటం మధ్యలో పంపు కొట్టే తీరిక దొరకదు, కాబట్టి తలుపు తెరవకముందే కొట్టి పెట్టుకోండి. కాల్చిన గుండ్లు చాలావరకు వృథా అయినా బాధ ఉండదు, అదే దాని గొప్పతనం.

ఇంకో ముఖ్యమైన సంగతి, కింద పడున్న ప్రతి తుపాకీ దగ్గరా ఆగండి. మీ దగ్గర అలాంటిదే ఉన్నా సరే. దాని మీద స్కోప్, బ్యారెల్, మ్యాగజైన్ లాంటి భాగం ఏదైనా మీకు లేనిది ఉంటే విప్పి తీసుకోవచ్చు, ఒకసారి తీసుకుంటే అది ఆట చివరిదాకా మీదే. ఆ భాగాల్ని బ్యాగ్ దించి అక్కడికక్కడే మార్చుకోవచ్చు కూడా. రాత్రి శిబిరంలోకి వెళ్లేముందు సైలెన్సర్, బయట దూరం నుంచి కాల్చేటప్పుడు స్కోప్. ఒకే తుపాకీని రకరకాలుగా మలుచుకునే ఈ పద్ధతి ఆటలో ఉన్న అత్యంత బలమైన అంశమని నా అభిప్రాయం.

బలహీనత సంగతికొస్తే, శత్రువులైన మనుషుల్ని నడిపే ఏఐ (ప్రోగ్రామ్) అంత తెలివైనది కాదు. పక్కనే తోటివాడు పడిపోయినా కాసేపు వెతికి మళ్లీ మామూలుగా తిరుగుతారు. దీన్ని మీకు అనుకూలంగా వాడుకోండి: దొరికిపోతే కాల్పులకి దిగకుండా చీకట్లోకి జారుకుని ఓపికపట్టండి, మళ్లీ మొదలుపెట్టొచ్చు. దీపాలు ఆర్పుతూ వెనకనుంచి వెళ్లినప్పుడు చంపడమా, స్పృహ తప్పించడమా అని రెండు దార్లుంటాయి. రెండింటికీ పట్టే కష్టం ఒకటే, కాబట్టి స్పృహ తప్పించడమే అలవాటు చేసుకోండి. సగంమంది పడిపోయాక మిగిలినవాళ్లు చేతులెత్తేస్తారు, అలా లొంగినవాళ్లని కాల్చొద్దు. ఇది మంచితనం కోసం మాత్రమే చెప్పట్లేదు. వోల్గాలో, కాస్పియన్‌లో, టైగాలో మీరు ఎవరి మీద తుపాకీ ఎత్తారు, ఎవర్ని వదిలేశారు అన్నదాన్ని బట్టి మీ రైల్లో ఎవరు మిగులుతారో, కథ ఎలా ముగుస్తుందో మారుతుంది. ఆట ఈ లెక్కని పైకి చెప్పదు. బందిపోట్లనీ, భయంతో తుపాకీ పట్టుకున్న మామూలు జనాన్నీ వేరుగా చూడటం నేర్చుకుంటే చాలు.

మ్యూటెంట్ల దగ్గర మాత్రం దయ అక్కర్లేదు, తెలివి కావాలి. సాలీళ్లు వెలుతురుని తట్టుకోలేవు, టార్చ్ వాటి మీద నుంచి తిప్పకండి, ఛార్జర్ నొక్కుతూ బ్యాటరీ తగ్గకుండా చూసుకోండి, బూజుని లైటర్‌తో కాల్చేయండి. చివర్లో నోవోసిబిర్స్క్ నగరంలో ఎదురయ్యే బ్లైండ్ వన్స్ అనే మ్యూటెంట్లకి చూపుండదు. అవి దగ్గరికొస్తే కదలకుండా నిలబడటమే సగం గెలుపు.

రైలు కదిలితే వెనక్కి వెళ్లలేరు. ఇది బాగా గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, ఎందుకంటే నైట్ విజన్, మాస్క్‌కి గట్టి అద్దం లాంటి మంచి వస్తువులు ఒక్కో మ్యాప్‌లో దారికి దూరంగా దాచి ఉంటాయి. బైనాక్యులర్స్‌తో గుర్తించిన చోట్లన్నీ తిరిగాకే కథని ముందుకి నడపండి. సేవ్‌ల పద్ధతీ దీన్ని కష్టం చేస్తుంది, క్విక్‌సేవ్ (ఒక్క నొక్కుతో చేసే సేవ్) పాతదాని మీదే పడుతుంది, మూడు గంటల కిందటి చోటుకి వెళ్లాలంటే ఆ అధ్యాయం మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

రైల్లో గడిపే సీన్లని దాటేయాలనిపించొచ్చు. దాటేయకండి. అన్నాతో కూర్చోండి, తోటి సైనికుడు స్టెపాన్ గిటార్ వినండి, తుపాకుల పని చూసే టోకరెవ్ వర్క్‌షాప్‌కి వెళ్లండి, ఒకరి మాటలు అయిపోయాయనుకున్నాక కూడా ఇంకాస్త ఆగి చూడండి. కథకున్న బలం నిజంగా ఇక్కడే ఉంది. కానీ ఇక్కడే నాకు కోపం తెప్పించే లోపం కూడా ఉంది: ఆర్టియోమ్ నోరు విప్పడు. లోడింగ్ స్క్రీన్ల మీద డైరీ చదివినట్టు చక్కగా మాట్లాడే మనిషి, భార్య కళ్లలోకి చూసి ఏదైనా చెప్పమన్నప్పుడు మౌనంగా ఉండిపోతాడు. దీనికి ఏ చిట్కా లేదు, భరించాల్సిందే.

యమంటావు అనే చోట బంకర్‌లో (భూగర్భ స్థావరంలో) నడిచే భాగం ఇరుకైన దారిలో పరుగెత్తించే పాతకాలపు షూటర్‌లా ఉంటుంది. త్వరగా అయిపోతుంది, దాని కోసం తూటాలు దాచుకోవద్దు. కాస్పియన్‌లో వ్యాన్ నడుపుతూ ఇసుకలో తిరగడం కొంతసేపటికి ఖాళీగా అనిపిస్తుంది, అందుకే అక్కడ ఒక్కసారిగా మొత్తం తిరిగేయకుండా కథలో ఒక పని, పక్కన ఒక చోటు అని మార్చి మార్చి చేస్తే బాగుంటుంది.

పీసీలో ఆడేవాళ్లకి 2021లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ వేరుగా ఉంటుంది, దానికి రే ట్రేసింగ్ (వెలుగు నిజంగా ఎలా పరుచుకుంటుందో లెక్కగట్టి చూపే పద్ధతి) చేయగల గ్రాఫిక్స్ కార్డ్ తప్పనిసరి. కార్డ్ ఉంటే అదే ఆడండి, కిటికీలోంచి గదిలోకి వెలుగు పరుచుకునే తీరు ఇలాంటి ఆటకి చాలా తేడా తెస్తుంది. లేకపోతే మామూలు ఎడిషన్‌తో పోయేదేమీ లేదు. డీఎల్‌సీలు (ఆటకి తర్వాత చేర్చిన అదనపు కథలు) రెండున్నాయి. ది టూ కర్నల్స్ నోవోసిబిర్స్క్‌లో అంతకుముందు ఏం జరిగిందో చెప్తుంది, సామ్స్ స్టోరీ వ్లాదివోస్తోక్ చుట్టూ విశాలంగా సాగుతుంది. రెండూ అసలు కథ ముగించాకే ఆడండి, ముందే ఆడితే నోవోసిబిర్స్క్‌లో తెలియాల్సిన విషయం ముందే తెలిసిపోతుంది.