అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: కెమెరా మెమరీ కార్డు కొనేముందు

అమెరికా వచ్చి రెండు జీతాలు అందుకోగానే మనవాళ్లలో చాలామంది కెమెరా కొనుక్కుంటారు. ఏ కెమెరా కొనాలా అని నెలరోజులు ఆరా తీసినవారు కూడా, కార్డు దగ్గరికి వచ్చేసరికి థాంక్స్‌గివింగ్ తగ్గింపుల్లో ఏది చవకగా కనిపిస్తే అది తీసేసుకుంటారు. నేనూ అదే చేశాను.

ఇండియా నుంచి తెచ్చుకున్న పాత కెమెరా వాడుతున్నవారు ముందుగా అది ఎంత పెద్ద కార్డును గుర్తిస్తుందో చూసుకోవాలి. 2 జీబీ దాటి 32 జీబీ వరకు ఉన్న కార్డులను ఎస్‌డీహెచ్‌సీ అనీ, అంతకు మించి 2 టీబీ వరకు ఉన్నవాటిని ఎస్‌డీఎక్స్‌సీ అనీ అంటారు. ఈ రెండో రకం ప్రమాణాన్ని 2009లో ప్రకటించారు కాబట్టి, అంతకు ముందు తయారైన కెమెరాలు 64 జీబీ కార్డును సాధారణంగా గుర్తించవు. ఆకారం ఒకటే కావడం వల్ల కార్డు స్లాటులో చక్కగా ఇమిడిపోతుంది, అందుకే చాలామంది కెమెరాయే పాడైందని పొరబడతారు.

కార్డు మీద అన్నిటికంటే పెద్దగా అచ్చువేసే అంకె, ఉదాహరణకు 170 లేదా 200, కార్డులోంచి కంప్యూటరుకు ఫైళ్లు ఎక్కించుకునేటప్పటి వేగం. వీడియో తీసేవారు చూడవలసింది, ఒక మూలన చిన్నగా ఉండే ‘వి’ అనే ఇంగ్లిషు అక్షరాన్నీ దాని పక్కనున్న అంకెనూ. వి30 అంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాయగలదని అర్థం. కెమెరా పుస్తకంలో 4కె వీడియోకు 100 అని ఉంటే అది మెగాబిట్లలో చెప్పిన లెక్క. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లే కనుక వి30 కార్డు ధారాళంగా సరిపోతుంది. వెనుకవైపు రెండో వరుస పిన్నులుండే యూహెచ్‌ఎస్-2 కార్డుల ధర చాలా ఎక్కువ. మీ కెమెరాలో ఆ వరుసను అందుకునే ఏర్పాటు లేకపోతే అవి పనిచేస్తాయి గాని, పాతరకం వేగంతోనే పనిచేస్తాయి. ఏ1, ఏ2 గుర్తులు ఫోనులో యాప్‌ల కోసం పెట్టినవి, వాటి కోసం మీరు అదనంగా ఒక్క డాలరు కూడా పెట్టనవసరం లేదు.

పైన చెప్పిన 100 మెగాబిట్ల లెక్కన గంట వీడియో తీస్తే 45 జీబీ అవుతుంది. ఒకే 512 జీబీ కార్డు కంటే రెండు 128 జీబీ కార్డులు కొనడమే మంచిదని నా అభిప్రాయం.

మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్‌కు తీసుకెళ్తూ, ఆన్‌లైనులో ముక్కూ మొహం తెలియని అమ్మకందారు దగ్గర సగం ధరకు దొరికిన 512 జీబీ కార్డు వేసుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మొదటి రోజు ఫొటోలు నిక్షేపంగా ఉన్నాయి, ఆ తరువాతివన్నీ సగం బొమ్మ, సగం బూడిదరంగు పట్టీ. నకిలీ కార్డులో చిప్పు చిన్నదే ఉంటుంది, కెమెరాకు మాత్రం పెద్దదని అబద్ధం చెప్పేలా దాన్ని మార్చి ఉంచుతారు. అందుకే అమెజాన్ వంటి చోట్ల కొనేటప్పుడు సరుకు ఏ కంపెనీదని కాక, ‘సోల్డ్ బై’ అన్న వరుసలో అమ్మేది ఎవరని చూడాలి. న్యూయార్కు పరిసరాల్లో ఉన్నవారు మన్‌హాటన్ తొమ్మిదో అవెన్యూలోని బీ అండ్ హెచ్ అనే కెమెరా దుకాణంలో నేరుగా కొనుక్కోవచ్చు. యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు కారణంగా శనివారం పగలు ఆ దుకాణం మూసి ఉంటుంది, ఆన్‌లైను ఆర్డర్లు కూడా తీసుకోరు.

ఎక్కడ కొన్నా, వాపసు గడువు ముగియకముందే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాముతో కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివించి పరీక్షించండి. తరువాత కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. పొరపాటున ఫొటోలు చెరిగిపోతే ఆ కార్డుతో మరొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టి, ఫొటోరెక్ అనే ప్రోగ్రాముతో వెతికిస్తే చాలావరకు దొరుకుతాయి. నకిలీ కార్డులో అసలు రాయనేలేదు కనుక వెతకడానికి ఏమీ ఉండదు. గ్రాండ్ కాన్యన్ రెండో రోజుకు మా దగ్గర మిగిలినవి నాన్నగారు తన ఫోనులో తీసిన ఏడు ఫొటోలే, వాటిలో రెండింటిలో ఆయన వేలు కూడా ఉంది.