ఫొటోల బ్యాకప్ సగంలో ‘చోటు చాలదు’ అంటూ ఆగిపోతే

ఏళ్ల తరబడి పోగుపడిన ఫొటోలను, వీడియోలను ల్యాప్‌టాప్ నుంచి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ తీస్తుండగా డిస్క్‌లో చోటు చాలదన్న సందేశం వస్తే, చాలామంది వెంటనే పాత ఫొటోలు కొన్ని తీసేసి మళ్లీ మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. బ్యాకప్ పూర్తి కాలేదంటే ఆ ఫొటోలకు ఉన్నది బహుశా ఒక్కటే కాపీ. పైగా ఏ డిస్క్ నిండిందో ఆ సందేశం చాలాసార్లు చెప్పదు కాబట్టి, తీసేసినా కలిసొచ్చేది ఏమీ ఉండకపోవచ్చు.

విండోస్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి ‘దిస్ పీసీ’ మీద నొక్కితే, ల్యాప్‌టాప్ సొంత డిస్క్ అయిన సీ డ్రైవ్‌లోనూ బయటి డిస్క్‌లోనూ ఎంతెంత ఖాళీ ఉందో పక్కపక్కనే కనిపిస్తుంది. తరువాత ఫొటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో దాని మొత్తం సైజు చూడండి. 1 టీబీ అని కొన్న డిస్క్ విండోస్‌లో 931 జీబీగా కనిపించడం లోపం కాదు. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

బయటి డిస్క్‌లో చోటుండి సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే, మొదట అనుమానించవలసింది ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ వన్‌డ్రైవ్‌ను. పిక్చర్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉన్నప్పుడు, పక్కన నీలం రంగు మబ్బు గుర్తున్న ఫొటోలు నిజానికి మీ ల్యాప్‌టాప్‌లో ఉండవు. వాటిని బయటి డిస్క్‌కు కాపీ చేయబోతే విండోస్ ఒక్కొక్కదాన్నీ ముందు సీ డ్రైవ్‌లోకి దింపుకొని ఆపైన కాపీ చేస్తుంది, దాంతో 300 జీబీ ఫొటోలు 60 జీబీ ఖాళీలోంచి వెళ్లవలసి వచ్చి మధ్యలో ఆగిపోతాయి. అందుకని ఏడాదికొక ఫోల్డర్ చొప్పున కాపీ చేసి, అది సరిగ్గా చేరిందని చూసుకున్నాక, ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ ఎంచుకోండి. ఇది ల్యాప్‌టాప్‌లోని ప్రతిని మాత్రమే తీసేస్తుంది. ‘డిలీట్’ నొక్కితే మాత్రం వన్‌డ్రైవ్‌లోంచి కూడా పోతుంది.

కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లు మొత్తం ఫొటోలను ముందు సీ డ్రైవ్‌లోనే జిప్ చేస్తాయి. వాటి సెట్టింగ్స్‌లో తాత్కాలిక ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చే వీలుందేమో చూడండి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడినుంచి స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌కు వెళ్లి అనవసరమైనవి తీసేయవచ్చు గానీ, ఆ జాబితాలోనే ‘డౌన్‌లోడ్స్’ కూడా ఉంటుంది. వాట్సాప్ వెబ్ నుంచి దింపుకున్న ఫొటోలు అందులోనే ఉండే అవకాశం ఎక్కువ కనుక దానికి టిక్ పెట్టవద్దు.

రెండు చోట్లా కావలసినంత ఖాళీ ఉండి, ఏదో ఒక పెద్ద వీడియో దగ్గరే ప్రతిసారీ ఆగిపోతుంటే, బయటి డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందేమో దాని ప్రాపర్టీస్‌లో చూడండి. ఫ్యాట్32లో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరకూడదు. నిమిషానికి సుమారు 400 ఎంబీ తీసుకునే 4కె వీడియో పది, పదకొండు నిమిషాల్లోనే ఆ హద్దు దాటుతుంది. విండోస్ అయితే ఫైలు మరీ పెద్దదని స్పష్టంగానే చెబుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు మాత్రం చోటు లేదని చెప్పి ఊరుకుంటాయి. ఇందుకు పరిష్కారం డిస్క్‌లో ఉన్నవాటిని వేరే చోట దాచి, మళ్లీ ఫార్మాట్ చేయడమే. విండోస్‌లో మాత్రమే వాడేట్లయితే ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌లో కూడా వాడేట్లయితే ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి.

అయితే ఎక్స్‌ఫ్యాట్‌కూ ఒక చిక్కుంది, దీన్ని చాలామంది గమనించరు. 32 జీబీ దాటిన డిస్క్‌లను విండోస్ మామూలుగా 128 కేబీ లేదా అంతకంటే పెద్ద గడులుగా విభజిస్తుంది, ఎంత చిన్న ఫైలుకైనా ఒక పూర్తి గడి పోతుంది. 10 కేబీ థంబ్‌నెయిల్‌లు (ఫొటోల చిన్న నమూనా బొమ్మలు) లక్ష ఉంటే వాటి అసలు సైజు 1 జీబీ లోపే గానీ, డిస్క్ మీద అవి 12 జీబీకి పైగా ఆక్రమిస్తాయి. ప్రాపర్టీస్‌లో ‘సైజ్’, ‘సైజ్ ఆన్ డిస్క్’ అనే రెండు అంకెల మధ్య బాగా తేడా ఉంటే కారణం ఇదే. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ క్లాసిక్ సాఫ్ట్‌వేర్ వాడేవారు అలాంటి చిన్న బొమ్మలుండే ప్రీవ్యూస్ ఫోల్డర్‌ను బ్యాకప్‌లోంచి నిశ్చింతగా మినహాయించవచ్చు, అసలు ఫొటోలు ఉన్నంతవరకు ఆ సాఫ్ట్‌వేర్ వాటిని మళ్లీ తయారుచేసుకుంటుంది. మీరు చేసిన దిద్దుబాట్లు నమోదై ఉండే కేటలాగ్ ఫైలును మాత్రం తప్పక కాపీ చేయాలి.

మ్యాక్‌లో బయటి డిస్క్ నుంచి తీసేసిన ఫైళ్లు ట్రాష్ ఖాళీ చేసేదాకా ఆ డిస్క్‌లోనే ఉంటాయి. ఫొటోస్ యాప్‌లో తీసేసినవి ‘రీసెంట్లీ డిలీటెడ్’లో సుమారు 30 రోజులు ఉంటాయి. అప్పటిదాకా ఆ చోటు ఖాళీ కాదు.

కొన్ని వందల రూపాయలకే దొరికే 2 టీబీ పెన్‌డ్రైవ్‌ల విషయం వేరు. వాటిలో చాలావరకు లేని చోటును ఉన్నట్టు చూపించే నకిలీలే, ఫొటోలు ఎక్కినట్టే కనిపించి తెరిస్తే తెరుచుకోవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించనిదే వాటిని నమ్మకండి.

చిక్కు తీరాక కాపీని మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు. విండోస్‌లోనే ఉన్న, కమాండ్ ప్రాంప్ట్‌లో టైప్ చేసి వాడే రోబోకాపీ కమాండ్ మారని ఫైళ్లను వదిలేసి మిగతావాటినే పంపుతుంది. దాంట్లోని ‘మిర్’ (/MIR) స్విచ్ జోలికి మాత్రం వెళ్లవద్దు, మూలంలో లేనివాటిని అది బ్యాకప్‌లోంచి చెరిపేస్తుంది. కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల ప్రాపర్టీస్ తెరిచి, ఫైళ్ల సంఖ్య, ‘సైజ్’ అంకె సరిపోయాయో లేదో చూసుకుని, ఆగిపోయిన చోట ఉన్న వీడియోను బయటి డిస్క్ నుంచే చివరిదాకా ఆడించి చూడండి.