సిలాజిజంలో నిజమైన ముగింపే ముంచుతుంది

సిలాజిజం అంటే ఇచ్చిన రెండు వాక్యాల నుంచి మూడోదాన్ని ముగింపుగా తేల్చే తర్కం. "పులసలన్నీ చేపలే. కొన్ని చేపలు గోదావరిలో దొరుకుతాయి. కాబట్టి కొన్ని పులసలు గోదావరిలో దొరుకుతాయి." కోనసీమ వాళ్లం కదా, చదవగానే 'సరైనది' అని టిక్కు పెట్టేస్తాం. ముగింపు నిజమే, కానీ ఆ రెండు వాక్యాల నుంచి రాదు. నాకు మార్కులు పోయింది ఇక్కడే.

ఇప్పుడు వాక్యాల రూపం అలాగే ఉంచి మాటలు మారుస్తాను: కుక్కలన్నీ జంతువులే, కొన్ని జంతువులు పిల్లులు, కాబట్టి కొన్ని కుక్కలు పిల్లులు! తప్పు వెంటనే దొరుకుతుంది. పులసల ఉదాహరణలో మొదటి రెండు వాక్యాలనూ కలిపే పదం 'చేపలు'. ఏ వాక్యమూ చేపలన్నిటి గురించీ చెప్పలేదు, కాబట్టి గోదావరిలో దొరికే ఆ 'కొన్ని చేపల్లో' పులసలు ఉన్నాయని ఆ వాక్యాలను బట్టి తేలదు.

"వాన పడితే కాలువ నిండుతుంది, నిండింది, కాబట్టి వాన పడింది" కూడా తప్పే. ధవళేశ్వరంలో నీళ్లు వదిలినా నిండుతుంది. "నిండలేదు, కాబట్టి వాన పడలేదు" మాత్రం సరైనది.