థీసిస్‌ను పుస్తకంగా తేవాలంటే లిటరరీ ఏజెంట్‌కు ఉత్తరం ఎలా రాయాలి?

థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష, వైవా, అయిపోయింది. బంగారు అక్షరాలు అచ్చొత్తిన బైండు బీరువాలోకి వెళ్ళింది. ఐదారేళ్ళ కష్టాన్ని గైడూ, ఎగ్జామినర్లూ చదివితే చాలా అని మనసు పీకుతూనే ఉంటుంది. ఏజెంట్‌కు రాసిన ఉత్తరం పట్టుకొచ్చి "ఒకసారి చూసి పెట్టండి" అని నన్ను అడిగే పరిశోధకుల్లో ఎక్కువమందిది ఇదే పరిస్థితి. వాళ్ళ పరిశోధన బాగుంటుంది. దెబ్బ తినేది ఉత్తరం దగ్గరే.

ఏజెంట్ అంటే రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే మనిషి. ముందు మీకు ఏజెంట్ అవసరమా అన్నది తేల్చుకోండి. తెలుగులో పుస్తకం వేసుకోవాలంటే అవసరం లేదు, ప్రచురణకర్తతో నేరుగా మాట్లాడుకోవచ్చు. ఇంగ్లీషులో తోటి పరిశోధకుల కోసం రాస్తున్నా అంతే. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఓరియంట్ బ్లాక్‌స్వాన్ లాంటి సంస్థల ఎడిటర్లు ప్రపోజల్‌ను నేరుగా చూస్తారు. ఇంగ్లీషులో మామూలు పాఠకుల కోసం రాసి, పెద్ద ట్రేడ్ ప్రచురణ సంస్థ దగ్గరకు వెళ్ళాలనుకున్నప్పుడే ఏజెంట్ బాగా పనికొస్తారు. మన దేశంలో జైపూర్‌లోని సియాహి, ఢిల్లీలోని రైటర్స్ సైడ్ లాంటి ఏజెన్సీలు ఉన్నాయి. లండన్, న్యూయార్క్ పెద్ద సంస్థలైతే ఏజెంట్ లేకుండా వచ్చిన రాతప్రతిని చాలావరకు తెరవవు.

రెండో పని, థీసిస్‌ను థీసిస్‌లా పంపకూడదని గట్టిగా అనుకోవడం. అది చాలావరకు భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతూనే ఉంటుంది. అందులో లేనిది ఈ పుస్తకంలో ఏముందని ఏజెంట్ అడుగుతారు. పూర్వ పరిశోధనల సమీక్షను, పరిశోధనా పద్ధతి అధ్యాయాన్ని తీసెయ్యండి. ఫుట్‌నోట్లను పుస్తకం చివరికి పంపండి. మిగిలినదాంట్లో మనుషులు ఎక్కడున్నారో వెతకండి.

ఇక ఉత్తరం. ఆంధ్ర తీరం నుంచి చెన్నై మీదుగా సాగే పాత పడవల కాలువ, బకింగ్‌హామ్ కాలువ మీద పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఒకరున్నారనుకుందాం. వాళ్ళు మొదట ఇలా రాస్తారు (పంపేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో చూపిస్తున్నాను):

"గౌరవనీయులైన సార్/మేడమ్, నేను ఫలానా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందియున్నాను. నా పరిశోధనాంశం '19వ శతాబ్ది మద్రాసు ప్రెసిడెన్సీలో జలరవాణా: ఒక సామాజిక, ఆర్థిక అధ్యయనం.' 412 పేజీల థీసిస్ జతపరిచాను. దయతో పరిశీలించి ప్రచురణకు సహకరించ ప్రార్థన."

ఇది సెలవు చీటీలా ఉంది. ఏజెంట్ చేసే పని ఏమిటి? మీ పుస్తకం గురించి ఒక ఎడిటర్‌కు రెండు నిమిషాల్లో చెప్పి ఆసక్తి పుట్టించడం. అందుకు పనికొచ్చే ముక్క ఇందులో ఒక్కటీ లేదు. అదే మనిషి, అదే పరిశోధనతో ఇలా మొదలుపెట్టవచ్చు:

"చెన్నైలో ఎంఆర్‌టీఎస్ రైలెక్కి మైలాపూర్ వైపు వెళ్తుంటే పక్కనే నల్లటి మురుగు కనిపిస్తుంది. 1877-78 కరువులో పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలు అడయార్, కూవం నదుల్ని కలుపుతూ తవ్విన కాలువ అది. బకింగ్‌హామ్ కాలువ కథను, దానికి పేరిచ్చిన గవర్నర్ వైపు నుంచి కాక, పలుగూ పారా పట్టినవాళ్ళ వైపు నుంచి చెప్పే పుస్తకం రాస్తున్నాను."

చదివేవాళ్ళకు వెంటనే ఒక చోటు, ఒక కాలం, కొందరు మనుషులు కనిపించారు. రెండో పేరాలో ఈ పుస్తకం మీరే ఎందుకు రాయాలో చెప్పండి: ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో నాలుగేళ్ళు ఫైళ్ళు చదివాను, నెల్లూరు తీరంలో పడవలు నడిపిన కుటుంబాలతో మాట్లాడాను, అని. డిగ్రీకి ఒక్క వాక్యం చాలు. మూడో పేరాలో ఈ ఏజెంట్‌నే ఎందుకు ఎంచుకున్నారో రాయండి. వాళ్ళ ద్వారా వచ్చిన పుస్తకం ఒకటి నిజంగా చదివి, దాని పేరు చెప్పండి. చదవకుండా పొగిడితే తెలిసిపోతుంది. చివర్లో ఎన్ని అధ్యాయాలు సిద్ధంగా ఉన్నాయి, మొత్తం ఎన్ని పదాలు, ఎప్పటికి పూర్తవుతుంది అన్నవి రాయాలి. అంతా కలిపి ఒక్క పేజీ.

ఉత్తరం వెనుక ప్రపోజల్ ఉండాలి: పుస్తకం సారాంశం, ఒక్కో అధ్యాయానికి ఒక పేరా, ఇదే అంశం మీద వచ్చిన పుస్తకాలకూ మీదానికీ తేడా, రెండు మూడు నమూనా అధ్యాయాలు. ఏవి పంపాలో ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటించండి.

పంపేటప్పుడు పేరు స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకోండి. పదిమందికీ ఒకే మెయిల్ కొట్టకండి. వేరేవాళ్ళకూ పంపి ఉంటే ఆ మాట దాచకుండా రాయండి. ఆ తర్వాతే అసలు టెన్షన్. వాళ్ళు చెప్పిన గడువు దాటాక ఒక్కసారి, రెండు వాక్యాల్లో గుర్తు చేయవచ్చు. ఫోన్లు, వాట్సాప్ మెసేజ్‌లు వద్దు.

"మా జాబితాకు సరిపోదు" అని వస్తే థాంక్స్ చెప్పి వదిలేయండి. "అంశం బాగుంది, కానీ ఇంకా థీసిస్ వాసన పోలేదు, మార్చి పంపగలరా?" అని వస్తే మాత్రం పండగే. తీరిక లేని మనిషి మీ పేజీలు శ్రద్ధగా చదివారన్నమాట. నాకు తెలిసిన ఒక పరిశోధకుడు అలాంటి జవాబు వచ్చిన రాత్రే, తన పద్ధతి ఎందుకు సరైనదో వివరిస్తూ ఆరు పేజీలు రాసి పంపాడు. వైవాలో అలవాటైన పని అది. మళ్ళీ అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, చాలా మంచి పరిశోధన అది. మీరు మాత్రం "రెండు నెలల్లో మార్చి పంపుతాను" అని రాసి, ఆ మాట నిలబెట్టుకోండి.

చదవడానికే ఫీజు అడిగేవాళ్ళకు దూరంగా ఉండండి. ఏజెంట్ మీకొచ్చే డబ్బులోంచి కమీషన్ తీసుకుంటారు, మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులకైతే 20 దాకా.

ఒప్పందం వచ్చాక హక్కుల పేజీ దగ్గర ఆగి చదవండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు ఎంతకాలానికి ఇస్తున్నారో రాయకపోతే ఐదేళ్ళనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికనీ లెక్క. కానీ ప్రచురణకర్తలు ఈ రెండూ సాధారణంగా రాసే ఉంచుతారు, అన్ని భాషల హక్కులూ అడుగుతారు. నెల్లూరులో మీతో మాట్లాడిన పడవ సరంగు మనవరాలు ఆ పుస్తకాన్ని తెలుగులో చదవాలని మీకుంటే, సంతకం పెట్టకముందే ఏజెంట్‌కు ఒక వాక్యం రాయండి: "తెలుగు అనువాద హక్కులు నా దగ్గరే ఉంచుకోవాలనుకుంటున్నాను, దయచేసి ఆ మేరకు మాట్లాడండి."