డెలివరీకి ముందే రిపేరు చేసిన కొత్త కారు: తీసుకోవాలా, వద్దా?

ఫ్యాక్టరీ నుంచి షోరూమ్‌కి వచ్చేలోపు కారు చాలా చేతులు మారుతుంది. ట్రైలర్ మీంచి దించేటప్పుడు బంపర్ నొక్కుకుపోవచ్చు, యార్డ్‌లో ఇరుకు సందులోంచి తీస్తుంటే తలుపుకి గీత పడొచ్చు. డీలర్ తన బాడీషాపులోనే డెంటింగ్, పెయింటింగ్ చేయించి, పాలిష్ పట్టించి, రిబ్బన్ కట్టి తాళం చేతిలో పెడతాడు. ముందే చెప్పేవాళ్లు ఉన్నారు, అడిగితే తప్ప నోరు విప్పనివాళ్లూ ఉన్నారు.

సంగతి బయటపడగానే ఇంట్లో బావగారు "కొత్త బండికి రిపేరేంటి, వాళ్ల మొహాన కొట్టు" అంటారు. సేల్స్ ఎగ్జిక్యూటివ్ "బంపరే కదా సర్, కంపెనీ పెయింటే వేశాం" అంటాడు. ఇద్దరి మాటా పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. రిపేరు ఏ భాగానికి జరిగింది, ఆ సంగతి మీకు రిజిస్ట్రేషన్‌కి ముందు తెలిసిందా తర్వాతా అన్న రెండింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ముహూర్తం రోజున తనిఖీ పెట్టుకోకండి

శ్రావణం వచ్చిందన్నా, దసరా దగ్గరపడిందన్నా షోరూములు కిటకిటలాడతాయి. పంతులుగారు చెప్పిన టైము దగ్గర పడుతుంటే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేసి ఉంటే, ఫెండర్ రంగు తేడాగా ఉందని కారు వెనక్కి పంపే మొండితనం ఎవరికీ ఉండదు. డీలర్లకి ఆ సంగతి బాగా తెలుసు. కనీసం మూడు నాలుగు రోజుల ముందే మీకు అలాట్ చేసిన ఛాసిస్ నంబర్ అడిగి, ఆ కారునే యార్డ్‌లో చూపించమనండి.

అప్పటికి ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) ఇంకా కాకూడదు. లోన్ మీద కొంటుంటే బ్యాంకు డబ్బు విడుదల కాకూడదు. లైఫ్ ట్యాక్స్ కట్టి మీ పేరు మీదికి వచ్చేశాక కారు మార్చమంటే డీలర్‌కి అది సెకండ్ హ్యాండ్ బండి, మార్చడానికి ససేమిరా అంటాడు. మీకు పట్టు ఉండేది ఈ కాగితాలు పుట్టకముందే. ఫుల్ పేమెంట్ చేస్తేనే కారు చూపిస్తామని పట్టుబట్టే చోట కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

పగటి వెలుతురులో, కారు కడిగించి, తడి ఆరాక చూడండి. షోరూమ్ లైట్ల కింద మెటాలిక్ రంగుల్లో తేడా పట్టుకోవడం కష్టం. దుమ్ము, నీటి చుక్కలు గీతల్ని దాచేస్తాయి.

రిపేరు ఎలా బయటపడుతుంది?

ఫ్యాక్టరీలో ఖాళీ బాడీని తుప్పు పట్టనివ్వని ప్రైమర్ తొట్టిలో ముంచి తీస్తారు. పై రంగు వేశాక సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బాడీషాపుకి వచ్చేసరికి కారులో వైరింగ్, సీట్లు, ప్లాస్టిక్ అన్నీ ఉంటాయి కాబట్టి అంత వేడి పెట్టలేరు, సాధారణంగా 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. కాబట్టి "కంపెనీ పెయింటే" అన్న మాట డబ్బాలోని రంగు వరకే నిజం.

పెయింట్ మందం కొలిచే చిన్న మీటర్ ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. డబ్బు తీసుకుని పీడీఐ (డెలివరీకి ముందు తనిఖీ) చేసిపెట్టేవాళ్లు ఇప్పుడు హైదరాబాద్ లాంటి చోట్ల ఉన్నారు, వాళ్ల దగ్గరా ఉంటుంది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క తలుపు మాత్రమే 250 చూపిస్తే దాని మీద రెండో పూత పడిందన్నమాట. 500 దాటితే లోపల పుట్టీ ఉందని అనుమానించాలి. ఒక్కో అంకె కంటే పక్కపక్క ప్యానెళ్ల మధ్య తేడానే ఎక్కువ చెబుతుంది. ప్లాస్టిక్ బంపర్ల మీద మాత్రం ఈ మీటర్ పనిచేయదు.

మీటర్ లేకపోయినా కళ్లు చాలావరకు పట్టేస్తాయి. బానెట్, తలుపులు, ఫెండర్లు బిగించిన బోల్టుల తలల మీద రంగు చెదిరి స్పానర్ పడిన గుర్తులుంటే ఆ భాగాన్ని విప్పారన్నమాటే. రబ్బరు బీడింగ్ కొద్దిగా ఎత్తి చూడండి, స్ప్రే చేసినప్పుడు ఎగిరిన రంగు తుంపర అక్కడ అంటుకుని ఉంటుంది. అన్ని అద్దాల మూలల్లోనూ తయారీ గుర్తులుంటాయి. ఒక్కదాని మీద కంపెనీయో సంవత్సరమో వేరుగా ఉంటే అది ఎందుకు మారిందో అడగండి.

వరదలొచ్చిన ఏడాదైతే ఇంకో చూపు అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి. అలాంటి సీజన్ తర్వాత కొనేటప్పుడు సీటు పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, కార్పెట్ కింద ముక్కిన వాసన ఉన్నాయేమో వెతకండి.

నోటిమాట వద్దు, జాబ్ కార్డ్ కావాలి

జాబ్ కార్డ్ అంటే బండికి ఏ పని చేశారో వర్క్‌షాపు రాసిపెట్టే కాగితం. అనుమానం వస్తే అక్కడే గొడవ పెట్టుకోకండి. ఫొటోలు తీసుకుని, డీలర్‌కి మెయిల్ గానీ వాట్సాప్ గానీ ఇలా పంపండి: "ఈ ఛాసిస్ నంబర్ కారుకి డెలివరీకి ముందు ఏవైనా రిపేర్లు, పెయింటింగ్, పార్టుల మార్పు జరిగాయా? జరిగితే జాబ్ కార్డ్, రిపేరుకి ముందు తీసిన ఫొటోలు, మార్చిన పార్టుల వివరాలు ఇవ్వగలరు. జరగకపోతే ఆ మాటే లెటర్‌హెడ్ మీద రాసివ్వగలరు."

దీనికి వచ్చే జవాబులోనే సగం తీర్పు ఉంటుంది. అడగ్గానే జాబ్ కార్డ్ తీసి చూపించే డీలర్‌తో మాట్లాడుకోవచ్చు. "అలాంటివి మా పాలసీలో లేవు సర్" అంటూ ఫోన్లోనే నాన్చేవాడితో జాగ్రత్త. కంపెనీ కస్టమర్ కేర్‌కీ ఛాసిస్ నంబర్ ఇచ్చి ఇదే ప్రశ్న వేయండి.

ఏదైతే సరే, ఏదైతే కుదరదు

బంపర్, సైడ్ మిర్రర్, అలాయ్ వీల్, లైటు లాంటివి విప్పి బిగించే భాగాలు. పాతదానికి రంగు పూయకుండా కొత్త పార్టు వేసి, కాగితం ఇస్తే తీసుకోవచ్చు, బాధ పడాల్సిందేమీ లేదు. ఏడాస్ (కెమెరా, రాడార్‌లతో డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థ) ఉన్న కార్లలో మాత్రం ఒక మెలిక ఉంది. ముందు అద్దం మార్చితే దాని వెనకున్న కెమెరాని మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరిగ్గా చూసేలా సర్దాలి. రాడార్ బంపర్ వెనక ఉంటే, దాని ముందు పెయింట్ మందం పెరిగినా రీడింగ్ దెబ్బతినొచ్చు. క్యాలిబ్రేషన్ రిపోర్టు లేకుండా ఒప్పుకోకండి.

తలుపు, ఫెండర్, బానెట్ లాంటి రేకు భాగాలకి మళ్లీ పెయింట్ పడితే నడపడానికి ఇబ్బంది ఉండదు, దెబ్బ తగిలేది జేబుకి. నాలుగేళ్ల తర్వాత అమ్మబోతే కొనేవాడి మనిషి కూడా మీటర్ పట్టుకునే వస్తాడు, మీరు చేయని యాక్సిడెంట్‌ని మీ ఖాతాలో వేసి ధర తగ్గిస్తాడు. ఇక్కడ నా మొదటి మాట: అదే రంగులో వేరే కారు కొన్ని వారాల్లో వస్తుందంటే ఆగండి. ఆగలేకపోతే బేరమాడండి.

పైకప్పు, వెనక క్వార్టర్ ప్యానెల్, పిల్లర్లు, తలుపుల కింది పట్టీ బాడీకి వెల్డింగ్‌తో కలిసి ఉంటాయి. వీటిని కోసి అతికితే, ఛాసిస్ లాగి సరిచేస్తే, ఎయిర్‌బ్యాగ్ పేలి మార్చి ఉంటే, నీళ్లు ఇంజిన్‌లోకో వైరింగ్‌లోకో పోయి ఉంటే, ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ పెట్టెకి కింద దెబ్బ తగిలి ఉంటే ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

బేరంలో ఏం అడగాలి?

సీట్ కవర్లు, మ్యాట్లు, కోటింగ్ ఫ్రీ అంటే నవ్వి ఊరుకోండి. ఇన్వాయిస్‌లో నగదు తగ్గింపు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, రిపేరు చేసిన భాగం మీద పెయింట్‌కీ తుప్పుకీ రాతపూర్వక హామీ అడగండి. ఎంత తగ్గించాలన్నది రిపేరు బిల్లుని బట్టి తేల్చకూడదు.

దీనికి అమెరికాలోని అలబామా కేసొకటి గుర్తుంచుకోదగ్గది. 1990లో ఒక డాక్టర్ సుమారు 40,750 డాలర్లు పోసి కొత్త బీఎండబ్ల్యూ కొన్నాడు. దానికి ముందే మళ్లీ పెయింట్ వేసిన సంగతి నెలల తర్వాత బయటపడింది. ఆ పెయింటింగ్ ఖర్చు 601 డాలర్లే, 3 శాతం లోపు రిపేర్లని చెప్పనక్కర్లేదన్నది కంపెనీ పాలసీ. కానీ పాత డీలర్ ఒకాయన ఇలాంటి కారు విలువ పది శాతం పడిపోతుందని సాక్ష్యం చెప్పాడు, జ్యూరీ 4,000 డాలర్ల నష్టాన్ని ఒప్పుకుంది. దానికి తోడు విధించిన 40 లక్షల డాలర్ల శిక్షాత్మక పరిహారం అలబామా సుప్రీంకోర్టులో సగమైంది, ఆ సగం కూడా మితిమీరిందని 1996లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. మనకి పనికొచ్చేది మొదటి లెక్క: రిపేరు బిల్లు వేరు, విలువలో పోయేది వేరు.

తీసుకున్నాక తెలిస్తే

మన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, బాగుచేసిన లేదా పాత సరుకుని కొత్తదని అబద్ధం చెప్పి అమ్మడం అన్యాయమైన వ్యాపార పద్ధతి. ముందు డీలర్‌కీ, కంపెనీకీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబర్ 1915. అక్కడ తేలకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్లొచ్చు, 50 లక్షల వరకు పెట్టి కొన్న కారు కేసు అక్కడే వేయాలి. పది నుంచి ఇరవై లక్షల కారుకి ఫీజు 400 రూపాయలే. కారు వేరే జిల్లాలో కొన్నా మీరు ఉండే చోటే వేసుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు.

ఈలోగా "ఒకసారి తీసుకురండి సర్, రబ్బింగ్ కొట్టించి సరిచేస్తాం" అని డీలర్ పిలిస్తే వెళ్లకండి. ముందు బయటి ఇంజినీర్‌తో మీటర్ రీడింగులతో సహా రిపోర్టు రాయించుకోండి. ఒకసారి రబ్బింగ్ పడితే ఆ రీడింగులు మారిపోతాయి.