షాపు మెట్లెక్కే ముందు

విజయవాడ వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మబోతున్నారా?

- బోణీ కాకముందు వెళ్లొద్దు.

- ధరను ఇంట్లోనే పైకి అని చూసుకోండి: "పన్నెండు వేలండీ, 18 శాతం జీఎస్టీతో 14,160." నసగొద్దు. చెప్పాక ఆగండి. ఇదే కష్టం. ఒకసారి ఆ మౌనం భరించలేక, అడక్కుండానే రెండు వేలు తగ్గించేశాను. షాపాయన అప్పటికి కాలిక్యులేటర్‌లో తాన్ల లెక్క చూసుకుంటున్నాడంతే!

- రాని ఫీచర్ రాదనే చెప్పండి. "అన్నీ వస్తాయండీ" అన్నారంటే రేపు గుమాస్తా ఫోన్లు మీకే.

- "చూద్దాంలే" అంటే వద్దనీ కాదు, సరేననీ కాదు. "గురువారం పదకొండింటికి రమ్మంటారా సార్?" అని అక్కడే తేల్చుకోండి.

- టీ ఇస్తే తాగండి. తొందరపడి లేవొద్దు, అసలు బేరం అప్పుడే మొదలవుతుంది.