ప్రజారోగ్య సిబ్బందికి పని మీద మనసు తప్పితే: ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

సమస్య: రిపోర్టులు ఆలస్యమవుతున్నాయి, వచ్చినవాటిలో ప్రతి నెలా దాదాపు అవే అంకెలు

బద్ధకం అనుకోకండి. ఒకే సమాచారాన్ని రిజిస్టర్లో, యాప్‌లో, నెలవారీ పట్టికలో మూడుసార్లు రాయిస్తున్నారేమో చూడండి. పైగా రాసిందంతా పైకి పోతుందే తప్ప కిందికి ఒక్క మాటా తిరిగి రాదు. తన లెక్కలు ఎవరూ చూడరని తెలిశాక, కూర్చున్నచోటే అంకెలు నింపేస్తారు.

ఒక వారం పాటు ఏ ఫారానికి ఎన్ని నిమిషాలు పడుతోందో సిబ్బంది చేతే రాయించండి. ఫారాలన్నీ బల్ల మీద పరిచి, రెండోసారి అడుగుతున్న గడులకు ఎర్రగీత పెట్టండి. వాటిని తీసేసే అధికారం మీకు లేకపోతే, ఈ నిమిషాల లెక్క జతచేసి పై అధికారికి రాతపూర్వకంగా పంపండి. నెలకోసారి 15 నిమిషాలు వాళ్ల అంకెలు వాళ్లకే చూపించండి: టీకా తప్పిన పిల్లలు ఏ వీధిలో ఉన్నారు, అది తెలిశాక మనం ఏం మార్చాం.

సమస్య: సమావేశంలో ఎవరూ నోరు విప్పరు

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మనిషి పనిలో మనసు పెట్టాలంటే ఆ పనికి అర్థం కనబడాలి, మాట్లాడితే ముప్పు ఉండకూడదు, ఒంట్లో ఓపిక మిగలాలి అని పనిచోటు మనస్తత్వాన్ని పరిశోధించిన విలియం కాన్ 1990లోనే చెప్పారు. నోరు మూగబోయిన చోట లోపించేది రెండోది. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఫ్రిజ్ 11కి వెళ్లిందని చెప్పినందుకు మెమో అందుకున్న ఉద్యోగి, వచ్చేసారి చార్టులో 5 అని రాస్తారు. పాడైన టీకా పిల్లలకు వెళ్తుంది.

లోపం తానే వచ్చి చెప్పినవారికి మెమో ఉండదని రాసి గోడకు అంటించండి, ఆ మాట తప్పకండి. "ఎవరు చేశారు?" అని కాకుండా "ఏం జరిగింది?" అని మొదలుపెట్టండి. ఒక్కొక్కరితో నెలకు 20 నిమిషాలు విడిగా మాట్లాడండి. అడిగినదానికి రెండు వారాల్లో జవాబివ్వండి, అది "కుదరదు" అయినా సరే.

సమస్య: వ్యాధి ఉద్ధృతి తగ్గాక మంచి పనివాళ్లు వెళ్లిపోతున్నారు

ప్రపంచ ఆరోగ్య సంస్థ, పని ఒత్తిడి తీరక పూర్తిగా అలసి విసిగిపోయే స్థితి అయిన బర్నౌట్‌ను వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో జబ్బుగా కాదు, పనిచోటుకు సంబంధించిన పరిస్థితిగా చేర్చింది. కాబట్టి ధ్యానం తరగతులతో సరిపెట్టకండి. అదనపు డ్యూటీ వేసే ఉత్తర్వులోనే ఏ రోజువారీ పని ఆపుతున్నారో రాయండి. బదులు సెలవుల తేదీలు కూడా అందులోనే ఉండాలి. జీతం ఆలస్యమవుతుంటే ముందు అది సరిచేయండి, అంతవరకు మిగతావేవీ పనిచేయవు.

మార్పు వచ్చిందా అని చూడటానికి పనిలో మనసు ఎంత ఉందో కొలిచే యూట్రెక్ట్ స్కేల్‌లోని 9 ప్రశ్నల రూపం చాలు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 6 వరకు మార్కులు. పేర్లు రాయించకండి. ఐదుగురి కన్నా తక్కువ ఉన్న బృందం ఫలితాన్ని విడిగా చూపకండి, ఎవరేం రాశారో ఇట్టే తెలిసిపోతుంది. ఆరు నెలల తర్వాత మళ్లీ అవే ప్రశ్నలు అడగండి.